జవాబుకు ఆగని ప్రశ్న

అందులో తప్పేముంది, ఆ ఒక్క మాట లేకుండా ఈ చుట్టుపక్కల పాఠం చెప్పిన మనిషెవరు, వాక్యం చివర చుక్క పడ్డట్టు అది దానంతటదే వచ్చి కూర్చుంటుంది, అయినా ఆ పిల్లలకు ఏం తెలుసని అందరూ కలిసి అట్లా పలికారు, పలకకుండా ఉంటే ఏం పోయేది, అని వినీత మళ్లీ మొదటికొచ్చి అనుకుంటుండగా ముందుగదిలోంచి మహిధర్ సార్ గొంతు వినిపించింది.

"దేశం పోయినోళ్లు మస్తు మంది పుష్పమ్మా. ఆడ నిలబడ్డోళ్లు ఎందరు? గది చూడాలె. అర్థమైందా?"

"అర్థమైంది సార్," అంది అమ్మ.

లోపలిగదిలో మంచం అంచున కూర్చున్న వినీత కళ్లు మూసుకుంది.

అదే మాట. అదే ఎత్తున మొదలై, అదే చోట పైకి లేచే మాట. వికారాబాద్‌లో ఆయన బళ్లో ఆరో తరగతిలో చేరిన రోజు నుంచి ఆమె విన్నది. తర్వాత అదే బళ్లో ఇంగ్లీషు టీచరై తనే అన్నది, తొమ్మిదేళ్లు. ఎవరి నోట్లోంచి ఎవరి నోట్లోకి వచ్చిందో ఇప్పుడు విడదీయడం కుదరదు.

పోయిన శనివారం వియత్నాంలోని ఒక ఇంగ్లీషు సెంటరువాళ్లు ఉద్యోగానికి పరీక్షగా ఆమెతో ఫోన్‌లోనే నమూనా పాఠం చెప్పించుకున్నారు. తెరమీద చిన్న చిన్న ఎర్రకుర్చీల్లో వాళ్ల పిల్లలు. టీచరు ఏది చెబితే అది తిరిగి చెప్పాలని నేర్పి కూర్చోబెట్టారు.

"దిస్ ఈజ్ ఎ మ్యాంగో," అంది వినీత. చెప్పారు. "మ్యాంగో ఈజ్ ఎల్లో. అర్థమైందా?" అంది. "మ్యాంగో ఈజ్ ఎల్లో అర్థమైందా," అన్నారు పిల్లలు, ముద్దుగా, సాగదీసి.

ఆమెకు వినబడలేదు. వారం రోజులుగా ఆమెను తినేస్తున్నది ఆ వినబడకపోవడమే. సముద్రం అవతలి పిల్లలు తెలుగు మాట పలుకుతుంటే, అది తరగతి ఎప్పుడూ చేసే చప్పుడే అనుకుని ముందుకు పోయింది. గుర్తుపట్టేసరికి అది పాటయిపోయింది. ఒకడు కుర్చీ ఎక్కి ఎగురుతూ పాడుతున్నాడు. వెనక నిలబడ్డ లిన్, ఆ సెంటరులో టీచర్లను ఎంపిక చేసే ఆవిడ, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

నవ్వింది. చెడ్డగా కాదు. చెడ్డగా నవ్వి ఉంటే కోపం తెచ్చుకుని అయినా బతకొచ్చు.

తర్వాత లిన్ నుంచి మెసేజ్ వచ్చింది. మీరు చాలా ప్రశ్నలు అడుగుతారు. ఒక్కదానికీ జవాబు కోసం ఆగరు. ఇంకొక్కసారి చూద్దాం. వచ్చే శనివారం మీ టైము ప్రకారం మూడు గంటలకు. ఈసారి ఒక్క పాపే ఉంటుంది. ఒక్క ప్రశ్న అడిగినా చాలు. కానీ ఆగండి.

ఆ శనివారం ఇవ్వాళే. గోడ గడియారంలో రెండు దాటింది.

తలుపు తోసుకుని పుష్పమ్మ లోపలికొచ్చింది. చేతిలో సార్ తిన్న పళ్లెం. అందులో సగం జొన్నరొట్టె మిగిలి ఉంది.

"చూసినవా, సగమే తిన్నడు," అంది, అది మిగలడానికి కారణం వినీతే అయినట్టు. "రైలెక్కి తాండూరు దాకా వచ్చిండు సార్. మనింటికి. నువ్వేమో లోపట గూసున్నవ్."

"నేను రమ్మన్ననా?"

"నేను రమ్మన్న."

"రమ్మన్నవా, బతిమిలాడినవా?"

పుష్పమ్మ పళ్లేన్ని కిటికీ బండమీద చప్పుడయ్యేలా పెట్టింది. "బతిమిలాడిన. నిన్న బస్సెక్కి పోయి, ఆయన గేటు ముంగట నిలబడి, మా బిడ్డ తొందరపడి పని ఇడిసిపెట్టింది సార్, మళ్ల తీస్కోండ్రి అని బతిమిలాడిన. అయితే ఏంది? అరిగినయి నా కాళ్లు, నీయి కాదు."

"అమ్మా, జర మెల్లగ. సార్ వింటడు."

"విననియ్. ఆయనకు తెల్వందేముంది?"

మెల్లగా అనేది ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. గోడకు అవతల రాళ్లు పాలిష్ పట్టే యూనిట్. అందులో మిషన్ నడిపేది నాయిన. ఆయన చెవులు ఎప్పుడో సగం పోయాయి. ఆయనకు వినబడాలని ఇంట్లో ప్రతి మాటా గట్టిగా అంటారు, రెండుసార్లు అంటారు, చివరికి ఆయన జవాబు కూడా వీళ్లే చెప్పేసుకుంటారు. వినీత పుట్టి పెరిగిన భాష అది. తెలుగో ఇంగ్లీషో తర్వాతి సంగతి.

"నన్నొక్క మాట అడగకుంట..."

"ఏమడగాలె నిన్ను? వారం దినాలసంది నోరు తెరిచినవా? తింటవా అంటే ఊ. పంటవా అంటే ఊ. నీ ముఖం జూస్తే తెల్వదా, ఆ పని పోయిందని?"

"పోలే."

"పోకుంటే మరేమయ్యింది? తలుపేస్కోని పాఠం చెప్పినవ్. బైటికొచ్చి చెంబెడు నీళ్లు తాగి గోడదిక్కు తిరిగి పన్నవ్. ఏమన్నరు వాళ్లు?"

వినీత నోరు తెరిచింది. నవ్వారు అని చెబితే సరిపోతుంది. ఒక్క మాట. కానీ అమ్మ ఏమంటుందో ముందే తెలుసు. తాండూరు రాకముందు పూడూరులో ఉండి కూలికి పోయిన రోజుల్లో ఒక రైతు ఇంట్లో ఎవరో తన నడకను చూసి నవ్వారని, అమ్మ ఆ చేను గట్టు మళ్లీ తొక్కలేదు. నవ్విన కాడికి మళ్ల పోతవా అంటుంది.

"మూడింటికి మళ్ల ఫోన్ చేస్తరు," అంది చివరికి.

"ఇయ్యాలనా?"

"ఇయ్యాలనే."

పుష్పమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. అవి తడిగా లేవు. "మరి సార్‌కు రైలుంది. మాట తీస్కోని పోతనన్నడు."

"ఏం మాట?"

"సోమవారంసంది బడికి వస్తనని. వస్తది సార్ అని చెప్పిన నేను."

"నా మాట నువ్వు చెప్పినవా?"

"నువ్వు చెప్తలేవు గదా!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అమ్మ ముఖంలో తప్పు చేసినట్టు ఏమీ లేదు. ఆగితే ఎక్కడ ఏం వినాల్సి వస్తుందోనని ముందే జవాబు చెప్పేసిన మనిషి ముఖం అది. ఆ ముఖం తనకు బాగా తెలుసని వినీతకు అనిపించింది. నల్లబోర్డు ముందు నిలబడి, ప్రశ్న అడిగిన మరుక్షణమే తనే జవాబు రాసేసే టీచరు ముఖం.

"దా. ఒక్కసారి కనపడు," అంది పుష్పమ్మ, చేయి పట్టుకుని.

ముందుగదిలో చర్చివాళ్లిచ్చిన క్యాలెండరు కింద, ప్లాస్టిక్ కుర్చీలో, మహిధర్ సార్ నిటారుగా కూర్చున్నాడు. తెల్లచొక్కా జేబులో రెండు పెన్నులు. బళ్లో ఆయన ఎప్పుడూ నిలబడే ఉంటాడు. కూర్చున్న సార్ ఆమెకు పొట్టిగా, కొంచెం పాతబడ్డట్టు కనిపించాడు. తన కాళ్లు మాత్రం గోడవారకు పోయి నిలబడ్డాయి. చేతులు కట్టుకుని ఉన్నాయి. అది గమనించి వినీత చేతులు విడదీసింది. విడదీసిన చేతులను ఏం చేయాలో తెలియలేదు.

"మంచిగున్నవా అమ్మా?"

"మంచిగున్న సార్."

"ఏం మంచి. చిక్కిపోయినవ్." ఆయన చెంబు పక్కకు జరిపాడు. "టెన్తోళ్లకు ఇంగ్లీషు లేక గోసపడుతున్న. కొత్తగ ఒకామెను పెట్టిన, హైదరాబాద్ పిల్ల. ఆమె పాఠం చెప్పుడు కాదు, పిల్లలే ఆమెకు చెప్తుండ్రు. నీ తరగతంటే? ఒక్క గొంతు. గేటు కాడ నిలబడ్డా వినపడుతుండె. మన బడి పేరే గది. అర్థమైందా?"

అర్థమైంది సార్ అనే మాట వినీత నాలుక మీదికి వచ్చింది. ఈలోగా అమ్మ అనేసింది.

పెరటి తలుపులోంచి వినీత నాయిన సోమేశ్వర్ వచ్చాడు. మోచేతుల దాకా తెల్లటి రాతిబురద. చంకలో తడి గోనెసంచి ముక్క, దాంట్లో ఏదో చుట్టి ఉంది.

"సార్ వచ్చిండా! నమస్తె సార్!" అన్న కేకకు కిటికీ మీది పిచ్చుక లేచిపోయింది.

"నమస్తె సోమేశ్వర్. బిడ్డ సంగతే మాట్లాడుతున్నం."

"ఆఁ?"

"నీ బిడ్డ సంగతి!" అని పుష్పమ్మ అరిచింది.

"ఆమె సంగతి ఆమెనే అడగుండ్రి," అన్నాడు సోమేశ్వర్ తేలిగ్గా. "దేశం పోతదట సార్. కని ఆ దేశపోళ్లు నేటివోళ్లే కావాలంటరట. అయితే మా నేటివ్ బంట్వారం అని రాసెయ్ బిడ్డా, ఒడిసిపోతది అన్న. నవ్వనన్న నవ్వలే." సొంతూరి పేరు చెప్పి తనే నవ్వాడు, భుజాలు ఎగిరేలా.

మహిధర్ సార్ నవ్వలేదు. వినీతకు ఇప్పుడు కూడా నవ్వు రాలేదు.

రెండేళ్లు ఆ మాట చుట్టే తిరిగింది. రాత్రి అన్నం తిన్నాక ఫోన్ పట్టుకుని, ప్రకటన తర్వాత ప్రకటన. ఇంగ్లీషు నేర్పడానికి టీచర్లు కావాలి, పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే దేశాలవాళ్లు మాత్రమే. దాని కింద దేశాల పేర్లు ఉండేవి. వాటిలో తనది లేదు. ఒకచోట అన్నీ సరిపోయాయన్నారు, చదువు, శిక్షణ, మాట అన్నీ. చివర్లో ఫొటో అడిగారు. ఫొటో పంపాక, మా పిల్లల తల్లిదండ్రులు ఇంకో రకం టీచరును ఊహించుకుంటారు, మీరు అర్థం చేసుకోగలరని నమ్ముతున్నాం అని రాశారు. అర్థం చేసుకుంది. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి ఎంతసేపు అర్థం చేసుకుందో ఎవరికీ చెప్పలేదు. పొద్దున లేచి అలాగే రైలెక్కి వికారాబాద్ పోయి, పిల్లలతో పద్యం ఒక్క గొంతుతో చెప్పించింది.

అన్ని చోట్లా తలుపులు వేశాక ఒక్క లిన్ మాత్రం పిలిచింది. పిలిచి, నవ్వింది. నవ్వి, మళ్లీ పిలిచింది. ఈ మూడో సంగతే వినీతకు మింగుడు పడటం లేదు.

"ఇగో," అని సోమేశ్వర్ గోనెసంచి విప్పాడు. అరచేతికి కొంచెం పెద్దదైన తాండూరు రాయి, పైన గాడి తీసి ఉంది. "ఫోన్ నిలబడుతలేదు, జారుతుందంటివి గదా. గిండ్ల పెడితే జారదు."

ఒకవైపు రాయి నీళ్లలా మెరుస్తోంది. తిప్పితే రెండోవైపు గని నుంచి తెచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే గరుకుగా ఉంది.

"ఆ దిక్కు పాలిష్ పట్టనీకె టైం దొరకలే. సేటు లారీ పెట్టిండు, పొద్దూకేలోపు లోడు పోవాలె."

"నాయినా, మూడింటికి జరసేపు మిషన్ ఆపుతవా?" వినీత గట్టిగా అడిగి, చేత్తో స్విచ్చు కిందికి నొక్కినట్టు చూపించింది.

ఆయన ఆమె పెదవులవైపు చూశాడు. "నేను మిషన్ ఆపితే సేటు నన్ను ఆపుతడు బిడ్డా," అన్నాడు. నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు. రాయిని ఆమె చేతిలో పెట్టి, తుడుచుకో అన్నట్టు తల ఊపి, వచ్చిన దారినే పోయాడు. కాసేపటికి గోడ అవతల మిషన్ మొదలైంది. గిన్నెలు సన్నగా అదిరాయి.

పోయిన వారం పాఠం మధ్యలో ఈ చప్పుడు విని లిన్ అడిగింది, మీ దగ్గర వాన పడుతోందా అని. అవును, పెద్ద వాన అంది వినీత. కిటికీలోంచి ఎండ ముఖంమీద పడుతూనే ఉంది.

"మూడింటికి ఏముంది?" అన్నాడు మహిధర్ సార్.

అమ్మ చెప్పకముందే వినీత చెప్పింది. "మళ్లొక పాఠం చెప్పమన్నరు సార్."

"మళ్లనా?" ఆయన కళ్లలో ఏదో వెలిగింది. తీసుకుపోవడానికి వచ్చిన మనిషి ఒక్క క్షణం పక్కకు తప్పుకుని, సార్ మిగిలాడు. "అయితే నిలబడు. ఏం చెప్తవ్? చెప్పు, నేను వింట."

ఆమె నిలబడే ఉంది. అయినా ఇంకొంచెం నిటారైంది. చేతిలో రాయి ఉంది కాబట్టి దాన్నే ఎత్తింది. "దిస్ ఈజ్ ఎ స్టోన్."

"గొంతు లేపు."

"దిస్ ఈజ్ ఎ స్టోన్!"

"ఆఁ. తర్వాత?"

"ఇట్ ఈజ్ స్మూత్."

"ఇగ ఆగినవేంది? అడుగు. ఆగితే తరగతి చేజారిపోతది. అర్థమైందా అని అడుగు. అప్పుడే పిల్లలు నీ దిక్కు చూస్తరు. ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

"అడగను సార్."

"ఏంది?"

"ఆ మాట అడగను."

పుష్పమ్మ గడపమీద కూర్చోబోతూ సగంలో ఆగిపోయింది. "ఏయ్, సార్ మీదికి లేస్తవా?"

"లేస్తలేను. చెప్తున్న. ఏమయ్యింది ఏమయ్యింది అని వారంసంది అడుగుతున్నవు గదా, విను." గొంతు పైకి పోయింది. కింద పెట్టడం ఆ ఇంట్లో ఎవరూ నేర్పలేదు. "గా మాటకే నవ్విండ్రు. నేను మాటమాటకు అర్థమైందా అన్న. వాళ్ల పిల్లలకు తెలుగొస్తదా? పాఠంల మాటే అనుకున్నరు. అందరు కలిసి అర్థమైందా, అర్థమైందా అని పాట పాడిండ్రు. నాకు సోయే లేదు. చెప్పుకుంట పోయిన. పాఠం చూస్తున్న మేడం నోరు మూస్కోని నవ్వింది. అడుగుతవు, జవాబుకు ఆగవు అన్నది. నిజమే సార్. మీరు ఎన్నడన్న ఆగిండ్రా? నేను ఎన్నడన్న ఆగిన్నా?"

మిషన్ చప్పుడు గదిలోకి వచ్చి కూర్చుంది.

"నవ్విండ్రా," అన్నాడు మహిధర్ సార్. అది ప్రశ్న కాదు.

ఆయన జేబులో పెన్నులు సర్దుకున్నాడు. ఒకటి తీసి, మళ్లీ అదే చోట పెట్టాడు.

"మాల్దీవులకు టీచర్లు కావాలంటే హైదరాబాద్‌ల ఇంటర్వ్యూ పెట్టిండ్రు," అన్నాడు, ఎదురుగోడను చూస్తూ. "బడి పెట్టకముందటి మాట. నేను పోయిన. ఒక పొయెం ఇచ్చి చదవమన్నరు. మంచిగనే చదివిన. బల్లకవతల ముగ్గురు గూసున్నరు. నడుమాయన ముఖం అటుదిక్కు తిప్పుకున్నడు. ముఖం కనపడలే. భుజాలు ఊగుతున్నయ్."

వినీత రాయిని రెండు చేతుల్తో పట్టుకుంది.

"గా దినమే రైలెక్కి వచ్చిన. మళ్ల ఏడికీ పోలే." ఆయన ఆమెవైపు తిరిగాడు. "నా బళ్ల ఒక్క పిల్లను ఇంకో పిల్ల నవ్వుడు చూసినవా నువ్వు? చదువుకున్నవు గదా ఆడ. చెప్పు. చూసినవా?"

చూడలేదు. అది నిజం. ఆరో తరగతిలో, పూడూరు నుంచి వచ్చిన నూనెజడల పిల్ల, ఇంగ్లీషు అక్షరాలు కూడా తిన్నగా రాని పిల్ల, ఆ బళ్లో ఒక్కరోజు కూడా సిగ్గుపడలేదు. అందరూ కలిసి పలికితే ఏ ఒక్కరి తప్పూ వినబడదు. తన నోరు కదిలితే చాలు, గొంతు పక్కవాళ్లది. ఎంత హాయిగా ఉండేది. ఆయన ఒక నవ్వుకు భయపడి, ఆ నవ్వు చొరబడకుండా ఒక బడి కట్టాడు. అందులో తను నీడకు పెరిగింది. తర్వాత తనే పిల్లలకు ఆ నీడ పట్టి నిలబడింది.

తొమ్మిదేళ్లలో తన తరగతిలో ఏ ఒక్క పిల్ల గొంతు విడిగా ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు.

ఆయనమీద జాలి వచ్చింది. జాలితోపాటే ఒళ్లంతా మండింది. ఈ రెండూ ఒకేసారి రావడం ఆమెకు సహించలేదు. ఏదో ఒకటే వస్తే బాగుండేది, కాళ్లకు మొక్కడమో తలుపు చూపించడమో చేసేది.

"సార్, మీరు నన్ను తీస్కపోనీకె వచ్చిండ్రా, పోవద్దని చెప్పనీకె వచ్చిండ్రా?"

"రెండూ ఒకటే గదా."

"కాదు సార్."

"నాకు ఒకటే," అన్నాడు ఆయన. గొంతు మామూలుకంటే చిన్నగా ఉంది.

పుష్పమ్మ గడపమీద పూర్తిగా కూర్చుంది. "నవ్విన కాడికి మళ్ల ఎందుకు బిడ్డా," అంది. వినీత అనుకున్న మాటే, అనుకున్నట్టే. కానీ తిట్టులా లేదు. కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ నిజంగానే అడుగుతోంది. "ఈడ ఎవ్వరన్న నవ్వుతున్నరా నిన్ను? మేడం మేడం అని ఎంబడి తిరుగుతరు పిల్లలు. ఆడ నీకెవరున్నరు? జొరమొస్తే గ్లాసెడు నీళ్లిచ్చెటోళ్లు ఉన్నరా? ఎందుకు, చెప్పు."

వినీత చెప్పాలని చూసింది. దొరికిన మాటలన్నీ ప్రకటనల్లోవే. మంచి అవకాశం, కొత్త అనుభవం. ఇవి అమ్మకు చెప్పే మాటలు కావు, తనకు చెప్పుకునేవి కూడా కావు. ఎందుకంటే ఆవిడ నవ్వి కూడా మళ్లీ పిలిచింది కాబట్టి. ఆ నడుమాయన భుజాలు ఊగడం ఆగాక ముఖం ఇటు తిప్పి, మళ్లీ చదవండి అని ఉంటే సార్ ఏమై ఉండేవాడో తెలియదు కాబట్టి. ఇది చెప్పడానికి ఆమెకు తెలుగులోనూ మాటలు రాలేదు.

మహిధర్ సార్ లేచాడు. లేవగానే మళ్లీ పొడుగయ్యాడు.

"నా బండికి టైమైతుంది. ఒక్క మాట చెప్పు వినీతా. సోమవారం వస్తవా, రావా? రాకుంటే ఆ హైదరాబాద్ పిల్లనే ఉంచుకుంట, ఏడాదంత. తర్వాత నువ్వొచ్చినా సీటుండదు. అర్థమైందా?"

ఈసారి అమ్మ ఏమీ అనలేదు.

ఆ మాట గది మధ్యలో ఒంటరిగా నిలబడిపోయింది. దానికి జవాబు రాకపోవడం ఆయనకు కొత్త. ఆయన అమ్మవైపు చూశాడు, మళ్లీ వినీతవైపు చూశాడు. చెప్పు జోడులో ఒక కాలు పెట్టి, రెండోది పెట్టకుండా ఆగాడు.

లోపలిగదిలో ఫోన్ మోగింది.

"జవాబు చెప్పి పో," అంది పుష్పమ్మ.

వినీత లోపలికి పోయింది. తలుపు దగ్గరగా వేసింది. తొందరలో ఫోన్‌ను తలగడకు ఆనించి పెట్టేసింది. నాయిన గాడి తీసిన రాయి ఇంకా అరచేతిలోనే ఉందని ఆ తర్వాత గుర్తొచ్చింది.

తెరమీద ఒక్క ఎర్రకుర్చీ. అందులో జుట్టుకు పసుపు క్లిప్పు పెట్టుకున్న పాప. కాళ్లు నేలకు అందడం లేదు. ఈ పాప పేరు ఆన్, ఎక్కువ మాట్లాడదు అని లిన్ ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత చెవి పెట్టి విని, చిరునవ్వుతో అడిగింది, "వాన ఇంకా తగ్గలేదా?"

"వాన కాదండీ. రాళ్లు పాలిష్ పట్టే మిషన్. మా నాన్న నడుపుతున్నారు," అంది వినీత ఇంగ్లీషులోనే.

లిన్ ఒక క్షణం ఆమెను చూసి, కుర్చీ వెనక్కి తప్పుకుంది.

వినీత రాయిని తెరకు దగ్గరగా పట్టుకుంది. మెరిసేవైపు అరచేయి ఆనించి జార్చింది. చేయి ఎక్కడా ఆగకుండా జారిపోయింది. "స్మూత్," అంది. పాప తన చేతిని మోకాలి మీద జార్చి చూసుకుంది. వినీత రాయి తిప్పింది. గరుకువైపు వేళ్లు తట్టుకుంటూ, ఆగుతూ పోయాయి. "రఫ్." పాప ముక్కు ముడిచింది. ఇంకోసారి రెండువైపులా చూపించింది. పాప కళ్లు రాయితోపాటే తిరిగాయి.

తలుపు అవతల అమ్మ గొంతు. "వినీతా! సార్ నిలబడ్డడు!"

వినీత రాయిని గరుకువైపు తిప్పి ఎత్తింది. "ఆన్, ఈజ్ ఇట్ రఫ్ ఆర్ స్మూత్?"

పాప చూసింది. మాట్లాడలేదు.

అలవాటు గొంతులోకి లేచింది. ముందు జవాబు, దాని వెనకే ఆ మాట, రెండూ కలిసి పళ్లదాకా వచ్చాయి. పాప లిన్‌కోసం వెనక్కి తిరిగి చూసింది. లిన్ కదల్లేదు. పాప మళ్లీ ముందుకు తిరిగి, కుర్చీ అంచు పట్టుకుని, కాళ్లు ఊపడం మానేసింది. గోడ అవతల మిషన్ రాయిని అరగదీస్తూనే ఉంది. ఈ నిశ్శబ్దం తన తరగతిలో వచ్చి ఉంటే ఈపాటికి బెత్తం బల్లమీద పడేది, గదంతా ఒక్కసారిగా జవాబు అరిచేది.

"బిడ్డా, రైలు పోతది! అవునన్న, కాదన్న!"

వాకిట్లో చెప్పుల చప్పుడు వినిపించింది. పోతున్న చప్పుడో, నిలబడినచోటే కాలు మార్చుకున్న చప్పుడో తెలియలేదు. వినీత తలుపువైపు తిరగలేదు.

పాప పెదవులు విడిపడి, మళ్లీ కలిశాయి.

వినీత కింది పెదవిని పళ్లకింద గట్టిగా నొక్కిపట్టి, రాయిని ఎత్తిన చేయి దించకుండా, ఆగింది.